సీసా మీవారిది, లోటు మీది

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. రెండు పూటలా మెట్‌ఫార్మిన్, ఉదయం గ్లిమిపిరైడ్ వేసుకునేవారు. గ్యాస్ మాత్ర చాలా ఏళ్లుగా రోజూ పరగడుపున ఉండాల్సిందే. పోయిన నెల, మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.4 వచ్చింది. అరికాళ్లలో మంటలు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం కూడా మొదలయ్యాయి. మా ఆడపడుచు కొడుకు "ఇదంతా సూక్ష్మ ఖనిజాల లోపం మామయ్యా" అంటూ జుట్టు పరీక్ష చేయించి, నెలకు 1,800 రూపాయల మాత్రల సీసా తెచ్చిపెట్టాడు. అవి మొదలుపెట్టాక మావారు షుగర్ మాత్రలు సగానికి తగ్గించేశారు. రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీళ్లు కూడా తాగుతున్నారు. సీసా మీద ఉన్నది ఉన్నట్టు రాసి పంపుతున్నాను: క్రోమియం పికోలినేట్ 200 మైక్రోగ్రాములు, మూలక జింక్ 50 మిల్లీగ్రాములు, సెలీనియం 200 మైక్రోగ్రాములు, మెగ్నీషియం 100 మిల్లీగ్రాములు, కొద్దిగా వెనేడియం, బయోటిన్ 10 మిల్లీగ్రాములు. వీటితో నిజంగా షుగర్ అదుపులోకి వస్తుందా? నా వయసు 46. నాకూ హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది, షుగర్ రాబోతోందన్నారు. ఈ మాత్రలు నేను కూడా మొదలుపెట్టవచ్చా? నా హిమోగ్లోబిన్ 8.9. నెలసరి ఎక్కువగా అవుతుంది, అది ఎప్పుడూ ఉండేదే.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నా చూపంతా సీసా మీదే ఉంది. రెండోసారి చదివేటప్పుడు మీరు చివర్లో, ఏదో గుర్తొచ్చి కలిపినట్టు రాసిన రెండు చిన్న వాక్యాల దగ్గర ఆగిపోయాను. వాటి దగ్గరికి తప్పకుండా వస్తాను. అంతకంటే ముందు ఈ రోజే చేయాల్సిన పని ఒకటి ఉంది.

మీవారు సగానికి తగ్గించిన షుగర్ మాత్రల గురించి, అవి రాసిన డాక్టరుకు ఫోను చేసి చెప్పి, మళ్లీ పూర్తి మోతాదు మొదలుపెట్టించండి. 8.4 వచ్చింది పూర్తి మోతాదు వేసుకుంటున్న రోజుల్లోనే కదా. అంటే ఆ మందులే చాలడం లేదు, పెంచడమో మార్చడమో చేయాలి. అలాంటి సమయంలో ఉన్న మందును కోసేయడం కారుతున్న కప్పు కింద పెట్టిన గిన్నెను తీసేయడమే. ఒక వారం పాటు పరగడుపున, భోజనమైన రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసి కాగితం మీద రాయండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితంతో పాటు సీసా కూడా తీసుకెళ్లండి. చాలామంది ఇలాంటి సీసాలను 'మందు కాదులే' అనుకుని ఇంట్లోనే వదిలి వస్తారు.

ఇక జుట్టు పరీక్ష. 2001లో అమెరికాలో ఒకే ఆరోగ్యవంతుడి జుట్టును ఆరు ల్యాబులకు పంపి చూశారు. వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు, ఇచ్చిన ఆహార సలహాలు కూడా పొసగలేదు. జుట్టులోకి ఖనిజాలు ఒంట్లోంచే రావు. షాంపూ నుంచి, బోరు నీటి నుంచి, తలకు వేసుకునే రంగు నుంచి కూడా వచ్చి చేరతాయి. మీవారు తలకు రంగు వేసుకుంటారో లేదో మీరు రాయలేదు. వేసుకుంటుంటే ఆ నివేదికలో సగం రంగు డబ్బా గురించే చెప్పి ఉంటుంది.

అలాగని మీ మేనల్లుడి మాట మొత్తం గాలి మాట కాదు. ఖనిజాలకూ చక్కెరకూ ఉన్న సంబంధం నిజమైనదే. మీ బంధువుల్లో ఎవరైనా ఇన్సులిన్ తీసుకుంటుంటే ఆ సీసాను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కొన్ని రకాలు నీళ్లలా తేటగా ఉంటాయి. కొన్ని పాలలా తెల్లగా ఉంటాయి, సూది వేసే ముందు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించాలి. ఆ తెలుపు ప్రొటమిన్ అనే మాంసకృత్తు, జింక్ కలిసి ఇన్సులిన్‌ను సన్నని రేణువులుగా కట్టి ఉంచడం వల్ల వచ్చింది. ఆ రేణువులు చర్మం కింద నెమ్మదిగా కరుగుతాయి కాబట్టి మందు గంటల తరబడి పనిచేస్తుంది. జింక్ ఉంటే ఇన్సులిన్ చక్కగా స్ఫటికాలు కడుతుందని 1934లోనే టొరంటోలో కనిపెట్టారు. మన క్లోమం కూడా ఇదే పద్ధతిలో ఇన్సులిన్‌ను దాచుకుంటుంది: ఆరేసి ఇన్సులిన్ అణువులను ఒక గుత్తిగా చేర్చి, మధ్యలో రెండు జింక్ అయాన్లతో ముడి వేస్తుంది.

ఇంత దగ్గరి చుట్టరికం ఉంది కాబట్టి జింక్ మింగితే ఇన్సులిన్ పెరుగుతుందని అనిపించడం సహజం. ఒళ్లు మాత్రం అంత సూటిగా లెక్క చూడదు. క్లోమ కణాల్లో ఇన్సులిన్‌ను దాచే అరల్లోకి జింక్‌ను చేరవేసే ఒక ప్రొటీన్ ఉంది. దాని జన్యువుకు ఉండే రెండు ప్రతుల్లో ఒకటి చెడిపోయిన వాళ్లకు షుగర్ ఎక్కువగా రావాలని ఎవరైనా అనుకుంటారు. 2014లో సుమారు లక్షన్నర మందిని పరిశీలిస్తే అలాంటి వాళ్లకు షుగర్ వచ్చే ముప్పు దాదాపు 65 శాతం తక్కువని తేలింది. నిజంగా లోటు ఉన్నవాళ్లకు జింక్ ఇస్తే మేలే. కొన్ని ప్రయోగాల్లో షుగర్ అంకెలు కొద్దిగా తగ్గిన మాట కూడా నిజం. కానీ మీవారి సీసాలోని మోతాదు వేరే సంగతి. మన దేశపు లెక్కల ప్రకారం మగవారికి రోజుకు 17 మిల్లీగ్రాముల జింక్ చాలు. 40 దాటకూడదు. సీసాలో 50 ఉంది, తిండిలో వచ్చేది దానికి అదనం. మీరు 'మూలక జింక్' అని స్పష్టంగా రాయడం చాలా మంచిదైంది. అదే జింక్ గ్లూకోనేట్ 50 అని ఉండి ఉంటే అందులో అసలు జింక్ ఏడు మిల్లీగ్రాములే, నేను ఇంత గొడవ పెట్టేవాణ్ని కాదు.

ఎక్కువ జింక్ నెలల తరబడి వేసుకుంటే పేగులు రాగిని పీల్చుకోవడం తగ్గిస్తాయి. రాగి లోటు వస్తే రక్తహీనత వస్తుంది, నరాలు దెబ్బతింటాయి, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. మీవారికి ఇప్పటికే అరికాళ్ల మంటలున్నాయి. అవి తగ్గాలని వేసుకునే మాత్రే వాటిని పెంచవచ్చు. రాగి చెంబు నీళ్లు దీన్ని సరిచేస్తాయని అనుకోకండి. చక్కెర మీద కూడా ఆ నీళ్లు చూపే ప్రభావమేమీ లేదు. శుభ్రంగా తోమిన చెంబులో మంచినీళ్లు తాగడం ఆయనకు ఇష్టమైతే తాగనివ్వండి. మజ్జిగ, నిమ్మరసం మాత్రం అందులో పోయకండి.

క్రోమియం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సీసాలన్నీ అమ్ముడుపోయేది దాని పేరు మీదే. 1957లో అమెరికాలో ష్వార్జ్, మెర్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక రకం ఈస్టు మీద పెంచిన ఎలుకలు చక్కెరను సరిగా వాడుకోలేకపోవడం గమనించారు. బీరు తయారీలో వాడే ఈస్టు పెడితే బాగుపడ్డాయి. అందులో ఉన్నది క్రోమియమేనని 1959లో చెప్పారు. ఆ తర్వాత 1977లో టొరంటోలో ఒక రోగి సంగతి బయటికొచ్చింది. ఆమె మూడేళ్లకు పైగా నోటితో తిండి లేకుండా రక్తనాళం ద్వారా ఎక్కించే పోషక ద్రవం మీదే బతికింది. బరువు తగ్గింది, నరాలు దెబ్బతిన్నాయి, చక్కెర పెరిగి ఇన్సులిన్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ ద్రవంలో రెండు వారాలు క్రోమియం కలిపితే కోలుకుంది, ఇన్సులిన్ అవసరం లేకుండా పోయింది. కథ ఎంత బాగుందో చూడండి! 1997లో చైనాలో 180 మంది షుగర్ రోగులకు నాలుగు నెలలు క్రోమియం ఇచ్చి, హెచ్‌బీఏ1సీ తగ్గిందని ప్రకటించేసరికి వ్యాపారం ఊపందుకుంది.

తర్వాత జరిగింది సీసా మీద రాయరు. ఐరోపాలో, అమెరికాలో జరిగిన ప్రయోగాల్లో అలాంటి ఫలితం నిలకడగా రాలేదు. 2005లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, క్రోమియం పికోలినేట్ షుగర్ ముప్పును తగ్గిస్తుందన్న మాట 'అత్యంత అనిశ్చితం' అని రాస్తేనే వాడుకోవచ్చంది. 2014లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఇంకో అడుగు ముందుకు వేసి, అసలు క్రోమియం మనిషికి అత్యవసరమని చెప్పడానికి ఆధారం లేదంది. టొరంటో రోగికి నోటిలో ముద్ద పెట్టుకునే అవకాశమే లేదు. మీవారు మూడు పూటలా భోంచేస్తున్నారు. పైగా మన వంటింట్లో సగం గిన్నెలు స్టెయిన్‌లెస్ స్టీలువే. ఆ లోహంలో కనీసం పదో వంతు క్రోమియం ఉంటుంది. చింతపండు పులుసు అందులో కుతకుతలాడేటప్పుడు పులుపుకు లోహం రవ్వంత కరిగి పులుసులో కలుస్తుంది. క్రోమియం లోటు వచ్చే మనుషుల కోసం వెతకాలంటే తెనాలి సరైన చోటు కాదు.

నన్ను నిజంగా బాధపెట్టింది సెలీనియం. రోజుకు మనకు కావలసింది 40 మైక్రోగ్రాములు. సీసాలో దానికి ఐదు రెట్లు ఉంది. సరిగ్గా ఈ 200 మైక్రోగ్రాముల మోతాదునే అమెరికాలో చర్మ క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు, క్యాన్సర్ మళ్లీ రాకుండా ఉంటుందేమోనన్న ఆశతో ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. వాళ్లలో మొదట షుగర్ లేని 1200 మందిని సగటున ఏడున్నరేళ్లకు పైగా గమనించి 2007లో లెక్క చెప్పారు. ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్లలో 39 మందికి షుగర్ వచ్చింది. సెలీనియం వేసుకున్నవాళ్లలో 58 మందికి వచ్చింది. ఒంట్లో ముందే సెలీనియం ఎక్కువగా ఉన్నవాళ్లలోనే ఈ తేడా బాగా కనిపించింది. ఈ ఒక్క అధ్యయనంతో సెలీనియమే దోషి అని తీర్పు చెప్పలేం. కానీ షుగర్ తగ్గడానికి అంటూ ఈ మోతాదును షుగర్ రోగికి అమ్మడం మాత్రం నాకు మింగుడుపడదు.

వెనేడియం గురించి ఎక్కువ చెప్పను. 1899లోనే ఫ్రాన్సులో షుగర్ రోగుల మీద ప్రయత్నించి చూశారు. అది పనిచేయాలంటే ఇవ్వాల్సిన మోతాదుకు కడుపు తట్టుకోదు, సీసాలో ఉన్న 'కొద్దిగా' దేనికీ చాలదు. బయోటిన్ విటమినే, ఖనిజం కాదు. అయితే 10 మిల్లీగ్రాములు వేసుకుంటూ రక్తపరీక్షకు వెళ్తే థైరాయిడ్ అంకెలు తప్పుగా రావచ్చు. గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ పరీక్షలో కూడా ఉన్నది లేనట్టు చూపించవచ్చు. ఛాతీనొప్పితో ఆస్పత్రికి వెళ్లిన షుగర్ రోగి విషయంలో అది ఎంత ప్రమాదమో మీరే ఊహించండి.

సీసాలో నేను కాస్త మర్యాద ఇచ్చేది మెగ్నీషియంకు. లెక్క ప్రకారం ఇది సూక్ష్మ ఖనిజం కాదు, ఒంటికి ఇది వందల మిల్లీగ్రాముల్లో కావాలి. ఇన్సులిన్ వచ్చి కణం తలుపు తట్టినప్పుడు లోపల జరిగే పనికి మెగ్నీషియం అవసరం. రక్తంలో చక్కెర ఎక్కువైతే మూత్రంతో పాటు మెగ్నీషియం కూడా పోతుంది. కాబట్టి అదుపు లేని షుగర్ దాని లోటును తెస్తుంది, ఆ లోటు షుగర్ అదుపును ఇంకా కష్టం చేస్తుంది. దీనికి తోడు మీవారి గ్యాస్ మాత్ర ఉంది. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి ఏడాదికి మించి వాడితే కొందరిలో మెగ్నీషియం బాగా పడిపోతుందని 2011లోనే హెచ్చరిక వచ్చింది. పిక్కలు పట్టేయడానికి అది కారణమై ఉండవచ్చు. ఏళ్ల క్రితం ఎవరో పది రోజులకు రాసిన గ్యాస్ మాత్ర ఇంటి ఆచారంగా మారిపోవడం రోజూ చూస్తున్నదే. మీవారికి అది ఇంకా అవసరమో కాదో డాక్టరును అడగండి. రక్తంలో మెగ్నీషియం, క్రియాటినిన్ పరీక్షలు రెండూ చేయించండి. క్రియాటినిన్ ఎందుకంటే, కిడ్నీలు మందగించినవాళ్లలో మాత్రల రూపంలో ఇచ్చిన మెగ్నీషియం బయటికి పోక ఒంట్లోనే పేరుకుంటుంది. ఇంకో మాట: రక్తంలో ఉండేది ఒంట్లోని మొత్తం మెగ్నీషియంలో ఒక శాతం లోపే. అందుకే ఫలితం మామూలుగా వచ్చినా లోటు లేదని పూర్తిగా నమ్మలేం.

అరికాళ్ల మంటలకు నేను మొదట అనుమానించేది ఖనిజాన్ని కాదు, విటమిన్ బీ12ను. ఎనిమిదేళ్ల మెట్‌ఫార్మిన్, దానిపైన రోజూ గ్యాస్ మాత్ర. ఈ రెండూ బీ12ను ఒంటికి అందనివ్వవు. దాని లోటుతో వచ్చే మంటలు, తిమ్మిర్లు అచ్చం షుగర్ వల్ల వచ్చే నరాల జబ్బులాగే ఉంటాయి. పరీక్ష ఖర్చు మీ సీసా ధర కంటే తక్కువ. లోటు ఉంటే ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో సరిచేయవచ్చు. అలాగని మీవారు దీన్ని చూసి మెట్‌ఫార్మిన్ కూడా మానేయకూడదు. మందు మంచిదే, పక్కన బీ12 చూసుకోవాలి, అంతే.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. సూక్ష్మ ఖనిజాలన్నింటిలోకీ మీ ఇంట్లో లోటు కనిపిస్తున్నది ఒక్కటే. అది ఇనుము. సీసాలో అది లేదు. లోటు మీవారిదీ కాదు, మీది. హిమోగ్లోబిన్ 8.9 అంటే రక్తహీనతే, నెలసరిలో ఎక్కువగా పోయే రక్తంతో పాటే ఇనుమూ పోతుంది.

మీ 6.3ను నేను ఇప్పుడప్పుడే నమ్మను. కారణం చెబుతాను. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో చూసే లెక్క. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అది ఎన్నాళ్లు తిరిగితే అంత చక్కెర అంటుకుంటుంది. ఇనుము చాలక కొత్త కణాల తయారీ మందగించినప్పుడు రక్తంలో ముసలి కణాల పాలు పెరుగుతుంది. చాలాకాలం బయట వదిలేసిన బెల్లం ముక్కకు ఎక్కువ చీమలు పట్టినట్టు, వాటికి ఎక్కువ చక్కెర అంటుకుని ఉంటుంది. అంటే రక్తంలో చక్కెర పెరగకపోయినా హెచ్‌బీఏ1సీ కాస్త పెరిగినట్టు కనిపిస్తుంది. ఇనుము ఇచ్చి కొత్త కణాలు వచ్చాక అదే అంకె దిగుతుంది. షుగర్ హద్దు మీద నిలబెట్టిన 6.3 లాంటి అంకె విషయంలో ఈ కొద్ది తేడాయే మనిషిని అటో ఇటో నెట్టేస్తుంది. రక్తం బాగా పోయి, కొత్త కణాలు గబగబా పుట్టుకొస్తున్నప్పుడు అంకె ఉన్నదానికంటే తక్కువగా చూపించడం కూడా ఉంది. ఏ రకంగా చూసినా 8.9 హిమోగ్లోబిన్ మీద చేసిన హెచ్‌బీఏ1సీతో ఎవరికీ షుగర్ ముద్ర వేయకూడదు.

కాబట్టి పరగడుపున రక్తంలో చక్కెర, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు మరోసారి చక్కెర చూపించుకోండి. పరగడుపున 100 లోపు, రెండు గంటలకు 140 లోపు ఉంటే మీకు షుగర్ 'రాబోవడం' లేదు. పరగడుపున 126 గాని, రెండు గంటలకు 200 గాని దాటితే మరో రోజు మళ్లీ చేసి ఖాయపరుస్తారు. మధ్యలో ఉంటే తిండి, నడక, బరువు గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు. మీ తోడికోడలికీ, మీ చెల్లెలికీ ఈ సంగతి చెప్పండి. మన ఇళ్లలో రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలుసు కదా.

దాంతో పాటు ఫెరిటిన్ పరీక్ష చేయించండి. ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము ఎంతో అది చెబుతుంది. 'అది ఎప్పుడూ ఉండేదే' అని రాశారు చూడండి, ఆ మాట నేను ఒప్పుకోను. నెలసరిలో గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, గడ్డలు పడుతున్నా, వారం దాటి సాగుతున్నా స్త్రీల వైద్యురాలు స్కాన్ చేసి చూడాలి. గర్భాశయంలో కణితులు ఉండవచ్చు, థైరాయిడ్ తేడా ఉండవచ్చు. కుళాయి కట్టకుండా బిందె నింపలేం కదా.

ఒక హెచ్చరిక: ఇది చదివి మీవారు కూడా ఇనుము మాత్రలు మొదలుపెట్టకూడదు. లోటు లేనివాళ్లలో ఇనుము పేరుకుంటే క్లోమమే దెబ్బతింటుంది. వంశపారంపర్యంగా ఇనుము పేరుకునే జబ్బులో చర్మం కంచు రంగుకు తిరిగి షుగర్ వస్తుంది కాబట్టి దానికి పూర్వం కంచు మధుమేహం అని పేరు పెట్టారు. తలసీమియా పిల్లల్లో పదేపదే రక్తం ఎక్కించడం వల్ల షుగర్ రావడానికి కారణం కూడా ఈ ఇనుమే.

తిండి గురించి మీరు అడగలేదు, అయినా ఒక్క మాట. నెలకు 1,800 పెట్టి నువ్వులు, పల్లీలు, గుమ్మడి గింజలు, శనగలు, బొబ్బర్లు, పెసలు కొంటే మీ వీధి మొత్తానికి జింక్, మెగ్నీషియం సరిపోతాయి. గింజల్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఈ ఖనిజాలను పట్టి ఉంచుతుంది. నానబెడితే, మొలకెత్తిస్తే, ఇడ్లీ పిండిలా పులియబెడితే ఆ పట్టు సడలుతుంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో మెగ్నీషియం చాలావరకు తవుడుతో పాటే పోతుంది. అలాగని రాగులలో ఖనిజాలున్నాయని పొద్దున్నే గ్లాసుడు రాగిజావ తాగి షుగర్ తగ్గుతుందనుకుంటే పొరపాటు. మెత్తగా ఉడికిన జావ చక్కెరను గబగబా పెంచేస్తుంది. రాగి సంకటిని ఆకుకూర పప్పుతో, కొలతగా తినడం వేరు.

ఫెరిటిన్ తక్కువగా వచ్చి మీకు ఇనుము మాత్ర రాస్తే పరగడుపున, నిమ్మరసంతో వేసుకోండి. కడుపులో తిప్పితే రోజు మార్చి రోజు వేసుకోవచ్చు, అలా వేసుకున్నా ఒంటికి బాగానే పడుతుంది. ముందూ వెనకా గంట, రెండు గంటలు కాఫీ, టీ తాగకండి. మల విసర్జన నల్లగా అవుతుంది, కంగారు పడకండి. హిమోగ్లోబిన్ పన్నెండు దాటాక కూడా నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు వాడాలి. ఆ తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించి, కొత్త అంకెను పాత 6.3 పక్కన రాసి నాకు పంపండి.